ఐదో బర్రె

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు గిన్నెలు, మంచాలు పంచుకోవడానికి ఒక పూట పట్టింది. బర్రెల దగ్గర ఆగిపోయారు. మొత్తం ఐదు. చెరి రెండు పోగా ఒకటి మిగిలింది. అన్నింటికన్నా ఎక్కువ పాలిచ్చేది అదే. మా వంతుకు వచ్చిన రెండింటిలో ఒకటి వట్టిపోయింది, ఇంకొకటి ముసలిది. ఐదోది వస్తేనే బార్కస్‌లో మేం పాలు పోసే చాయ్ హోటల్ గిరాకీ మాకు నిలిచేది. రాకపోతే మా ఆయన పాల క్యాన్లు బోర్లించి కూలికి పోవాల్సిందే.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. మాదన్నపేట మార్కెట్ వెనక మా కొట్టం. బావ, అంటే మా ఆయన అన్న, ఆయనకంటే చాలా పెద్ద. మా మామ చనిపోయాక తమ్ముణ్ణి సాకింది ఆయనే. అందుకే ఆ బర్రె నాకివ్వు అని మా ఆయన నోరు తెరిచి అడగలేకపోయాడు. అడగలేక, దాని కోసం పేకముక్కలాడదాం అన్నాడు. ఆటలో తను అన్నకంటే గట్టివాడు, ఆ ధైర్యం ఉండేది.

"బర్రె కోసం ముక్కలా?" అంది బావ భార్య, మా యారాలు. "దాన్ని గూడ కూసోపెట్టి ఒక చెయ్యి పంచుండ్రి. ఎవరింటికి పోతదో అదే చెప్తది."

బావ నవ్వాడు. "ఆడుదాం తియ్ తమ్మీ. అమ్మితే ఇద్దరికీ లేకుంటయితది."

మా ఆయన ఒక క్లబ్బు వంటింటికి పాలు పోసేవాడు. అక్కడి పనివాళ్ల దగ్గర ఆ ఆట నేర్చుకున్నాడు. పోకర్ అనేవాడు. మనిషికి ఐదు ముక్కలు. చూసుకుని పందెం కాయాలి. నచ్చని ముక్కలు పారేసి, పారేసినన్ని కొత్తవి తీసుకోవాలి. మళ్లీ కాయాలి. ఒకే బొమ్మవి మూడు పడితే మంచి ముక్కలే, కానీ ఐదూ ఒకే గుర్తువి పడితే అవే పెద్దవి. మధ్యాహ్నాలు పని లేనప్పుడు బావకు నేర్పాడు, నాకూ నేర్పాడు. నాకు అప్పటికి అక్షరాలు రావు. ముక్కల మీది బొమ్మలు చూసి నేర్చుకున్నాను.

"మన చేతిల మంచి ముక్కలు పడ్డయనుకో," అనేవాడు, "అవతలోనికి ఇంకో ముక్క తక్కువ పందేనికే చూడనియ్యొద్దు. ముందే గట్టిగ కాయాలె. భయపడి పడేస్తే మంచిదే. ఆశతోని ఉంటే, ఉన్నందుకు కట్టాలె."

బావ ఎప్పుడూ ఆశతోనే ఉండేవాడు. చేతిలో నాలుగు ఇస్పేట్లు పడితే ఐదోది కట్టలో తనకోసమే ఉందనుకునేవాడు. కానీ పెద్ద పందెం చూస్తే భయపడి ముక్కలు పడేసేవాడు. మా ఆయన గుప్పెడు చింతగింజలు నెట్టి ఎన్నోసార్లు ఆటలోంచి లేపేశాడు ఆయన్ని.

ఆ రోజు కొట్టంలో గోనెసంచి పరిచి కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్లకు సమానంగా చింతగింజలు. ఎవరి గింజలు అయిపోతే బర్రె అవతలివాళ్లది. నేను కొంగు తల మీదికి లాక్కుని మా ఆయన వెనక కూర్చున్నాను. బావ ముందు నేను మాట్లాడను. మా ఇంట్లో పద్ధతి అది.

చాలాసేపు అటూ ఇటూ కాలేదు. తర్వాత మా ఆయనకు మూడు రాజులు పడ్డాయి. సంతోషంలాంటిదేమీ రాలేదు నాకు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను, అంతే.

మా ఆయన చెయ్యి గింజల మీదికి పోయింది. అన్న వైపు చూశాడు. బావకు అప్పుడే చూపు తగ్గుతోంది, ముక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. మా ఆయన రెండంటే రెండు గింజలు పెట్టాడు. ఇంకా పెడతాడని నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. పెట్టలేదు.

"గింతేనా? గిన్ని గింజలకు నేనెందుకు పోతా?" బావ కూడా రెండు పెట్టి, ఒక్క ముక్క పారేసి ఒక్క ముక్క తీసుకున్నాడు. ఒక్కటే తీసుకున్నాడంటే నాలుగు కలిసి ఉన్నాయన్నమాట. మా ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మా ఆయన రెండు మార్చుకున్నాడు, పనికొచ్చేది రాలేదు.

బావ తన గింజలన్నీ ముందుకు నెట్టాడు. మా ఆయన కాసేపు చూసి తనవీ నెట్టాడు. మూడు రాజులు పట్టుకుని ఎవరు పడేస్తారు? బావ చూపించాడు. ఐదూ ఇస్పేట్లే. మా గింజలన్నీ అటు పోయాయి.

మా ఆయన ముక్కలు చూసి బావే బిత్తరపోయాడు. "మూడు రాజులు పెట్టుకొని రెండు గింజలేందిరా? గట్టిగ కాస్తే నేను లేచిపోయేటోణ్ణి గదా."

"నిన్నెట్ల లేపుదునన్నా," అన్నాడు మా ఆయన.

యారాలు నా వైపు చూసింది. నేను లేచి బర్రె తలుగు విప్పి ఆమె చేతికిచ్చాను.

మర్నాటి నుంచి మా ఆయన పురానాపూల్ దగ్గర కట్టెల అడితికి కూలికి పోయాడు. హోటల్ వాళ్లకు బావ పాలు పోస్తానన్నాడు. ఆ పొద్దునే గోడవతల నుంచి యారాలు పిలిచింది. "చెల్లే, జర రాయే. కుడితి పెట్టిన, దుడ్డెను తాగనీకి ఇడిసిన. సుక్క ఇడుస్తలేదు నీ బర్రె."

వెళ్లి పొదుగు కడిగి కూర్చున్నాను. కాసేపటికి పాలు చేపింది. బకెట్ నిండింది. నా వేళ్లు నావి కానట్టే ఉన్నాయి, అవే పిండుతున్నాయి.

బావ దూరంగా నిలబడి అన్నాడు. "నీ చేతికే అలవాటు పడ్డది బిడ్డా. పొద్దు మాపు వచ్చి జర పిండి పో."

తలూపాను. యారాలు చెంబెడు పాలు పోసి ఇచ్చింది. సాయంత్రం మా ఆయన చాయ్ తాగి, పాలు చిక్కగా ఉన్నాయన్నాడు. ఎక్కడివని అడగలేదు.