పదకొండు ఎర్ర డ్రమ్ములు

పెంటయ్య కాకకు కంప్యూటర్ రాదని మెమో ఇచ్చిన మనిషికి, డ్రమ్ము మీది ఎర్ర స్టిక్కర్‌ను చదవడం రాలేదు. నెల దాటినా నా కోపం చల్లారలేదు.

గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో నేను కెమిస్టును. కాక అక్కడే పంతొమ్మిదేళ్లుగా ద్రావణాల స్టోరు చూస్తున్నాడు. డ్రమ్ము రాగానే పసుపు స్టిక్కర్ వేస్తాడు. మా ల్యాబులో పాసైతే ఆకుపచ్చ, ఫెయిలైతే ఎరుపు. రంగు చూడకుండా ఆయన ఏ డ్రమ్మునూ కదలనివ్వడు.

కొత్తగా వచ్చిన స్టోర్స్ మేనేజర్ శ్రావణ్‌కుమార్ రిజిస్టర్లు మూసేయించాడు. "నెల రోజుల్ల ఎక్సెల్ రాకపోతే గేటు డ్యూటీకి పో" అని కాకతో అన్నాడు. గేటు అంటే కాంట్రాక్టరు కింద పని. పర్మినెంటు ఉద్యోగం పోయినట్టే.

భోజనాల గంటలో కాకకు నేనే నేర్పాను. ఒక్క వేలితో టైపు కొట్టేవాడు.

"గీ గడిల రాస్తే గా గడిల పడ్తదేంది బిడ్డా?"

"ఎక్కడ క్లిక్ చేశావో చూసుకో కాకా."

"మా ఇంటిది సత్తెమ్మ గూడ గింతే. ఒకటి చెప్తే ఇంకోటి చేస్తది."

ఇరవయ్యో రోజుకు రెండువందల పద్నాలుగు డ్రమ్ములనూ తానే ఎక్కించాడు. ప్రతి వరుసకూ స్టిక్కర్ రంగే వేశాడు. "మంచిగున్నదా?" అని అడిగాడు. శభాష్ అన్నాను. ల్యాబులో టైట్రేషన్ పరీక్ష చేసేటప్పుడు రంగు మారిందంటే మాకు ఫలితం వచ్చినట్టే. కానీ ఎక్సెల్ మొత్తం కట్టేటప్పుడు రంగును లెక్కలోకి తీసుకోదని నాకు తట్టలేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

శ్రావణ్‌కుమార్ ఆ షీటులోంచి అంకెలు మాత్రం తీసి హెడ్డాఫీసుకు పంపాడు. రంగులు ఇక్కడే ఉండిపోయాయి. ఫెయిలైన పదకొండు డ్రమ్ములు మంచి సరుకు కింద లెక్కకొచ్చాయి. ఆ లెక్క నమ్మి హెడ్డాఫీసులో కొత్త మందు బ్యాచ్‌కు ప్లాను వేశారు.

మర్నాడు పొద్దున ప్రొడక్షన్ నుంచి పాండు ట్రాలీతో వచ్చాడు. "లిస్టుల ఉన్నయి కాకా, జల్దీ ఇయ్యి."

కాక ట్రాలీకి అడ్డం నిలబడ్డాడు. "గవి ఎర్రయిరా. నన్ను దాటి ఎట్ల తీస్కపోతవో సూస్త."

బ్యాచ్ ఆగింది. పిల్లల జ్వరం మందుకు పోవాల్సిన బ్యాచ్ అది. మా పాప అక్షరకు రెండేళ్లు. ఆ వారమే జ్వరం వస్తే అలాంటి సీసానే కొనుక్కొచ్చాను.

సాయంత్రానికి మెమో వచ్చింది, బ్యాచ్ ఆపిన మనిషికి! కంప్యూటర్ పరిజ్ఞానం లేక తప్పుడు స్టాకు చూపాడట. రెండు రోజుల్లో జవాబివ్వాలట, లేదంటే గేటు.

నేరుగా మేనేజర్ గదికి వెళ్లాను. "రంగులు వదిలేసింది మీరు సార్."

"మీరు ల్యాబ్ సూస్కోండి మేడం. ఇంట్ల చిన్న పాప ఉన్నది, ఈ పరేషాన్ మీకెందుకు?"

అద్దె, పాప టీకాలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. తల దించుకుని బయటికొచ్చాను. ఆ మనిషి మీదకంటే నా మీద నాకే ఎక్కువ మండింది.

కాక మాత్రం స్టోరులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. "ఉత్తరం ఎట్ల కొట్టాల్నో నేర్పు బిడ్డా. జవాబు నేనే ఇస్త."

రెండు భోజనాల గంటలు పట్టింది. ఆయన కొట్టింది ఇంతే: "ఎర్ర డ్రమ్ములు పదకొండు. నా షీట్ల ఎర్రగనే ఉన్నయి. మీరు పంపినదాంట్ల లేవు. రెండు కాగితాలు జతచేసిన. నా తప్పు ఒకటే, రంగు వేసిన కాడ మాట రాయలే. ఇప్పుడు రాసిన." నిజంగానే షీటులో కొత్త గడుల వరుస పెట్టి, రెండువందల పద్నాలుగు డ్రమ్ములకూ పాసో, ఫెయిలో, ఇంకా పరీక్షలో ఉందో ఒక్క వేలితోనే కొట్టాడు.

"నీ పేరు రాయలే బిడ్డా. నీకు చిన్న పోరి ఉన్నది."

కీబోర్డు నా వైపు లాక్కున్నాను. నేర్పినది నేనేనని, రంగులున్న షీటు నేను చూశానని కింద కొట్టి సంతకం పెట్టాను. ఒక కాపీ ప్లాంట్ హెడ్‌కు ఇచ్చాం.

గేటు ఆర్డరు రాలేదు. క్షమాపణా రాలేదు. మెమో కూడా వెనక్కి తీసుకోలేదు, ఆయన ఫైల్లో అలాగే ఉంది. ఆ సంగతి ఎత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఉండనీ," అంటాడు కాక. "నా జవాబు గూడ దాని ఎనకనే ఉన్నది. పిన్ను నేనే కొట్టిన. రెండు సార్లు."