బొరుగులు తిన్న రేడియో

ఇట్లా దగ్గరగా వచ్చి కూర్చోండి. చేతిలో చేట ఉంటే పక్కన పెట్టండి, నవ్వితే బియ్యం ఒలికిపోతాయి. చంద్రగిరికి కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, ఒక రేడియోకు కడుపునిండా తిండి పెట్టి దాని ప్రాణం తీసిన ఘనత నాది.

ఆ రేడియో మా అత్తది. పెద్ద కొయ్యపెట్టె. స్విచ్చి వేయగానే పలికేది కాదు. మా మామ నిద్ర లేచినట్టు ముందు గొణిగి, గొంతు సవరించుకుని, ఒళ్లు వేడెక్కాక మాట్లాడేది. సాయంత్రం వ్యవసాయం కబుర్లు వినకపోతే అత్తకు ముద్ద దిగదు. ఆమెకు సెంటు పొలం లేదు. అయినా చెనిక్కాయకు, అదే వేరుశెనగకు, ఏ మందు కొట్టాలో వీధి వీధికీ చెప్పేది.

ఆయుధపూజ వచ్చింది. కొడవలికీ, రోకలికీ, మా ఆయన సైకిలుకీ బొట్లు పెట్టి, ముందర, మరమరాలంటారే, ఆ బొరుగులూ బెల్లమూ పెట్టాం. రేడియో దగ్గరికి వచ్చేసరికి నాకు జాలేసింది. రోకలికి నోరు లేదు, సరే. పొద్దస్తమానం మాట్లాడే దీని ముందర పెట్టి మనం తినేస్తే ఏం న్యాయం? వెనక సందులున్నాయి కదా అని, గుప్పెడు బొరుగులూ దంచిన బెల్లమూ వాటిలోంచి లోపలికి పోశాను.

సాయంత్రం రేడియో వేడెక్కింది. ఇల్లంతా పాకం వాసన.

"పక్కింట్లో అరిసెలు చేస్తా ఉండారేమో" అనింది అత్త.

మరునాడు వీధిలోని చీమలన్నీ పెళ్లివారిలా వరసకట్టి రేడియోలోకి పోయాయి. అది మూగబోయింది.

అత్త ఐరాలలో కూతురింటికి బయల్దేరుతూ, "బస్టాండుకాడ రిపేరు చేసేటాయనకు చూపించు పాపా. నేనొచ్చేసరికి అది పలకాల" అని చెప్పింది.

రిపేరంటే వెనక మూత తీస్తారు. తీస్తే బొరుగులు బయటపడతాయి. నా పరువు బస్టాండులో పోతుంది. ఇంతలో వీధిలోకి పాతసామాన్లకు స్టీలు పాత్రలిచ్చే ఆమె వచ్చింది. రేడియో ఆమె గంపలోకి, బేసిను నా వంటింట్లోకి. పీడ విరగడైందనుకున్నాను.

మా ఆయన వచ్చి, "రేడియో యాడ?" అన్నాడు.

"సచ్చిపోయింది."

"శవం యాడ?"

బేసిను చూపించాను. ఆయన దాని ముందర కూలబడి, వేలితో టంగుమని కొట్టి చూశాడు. "అమ్మొచ్చేసరికి ఇది చెనిక్కాయ గురించి మాట్లాడతాదా?" అన్నాడు.

ఇద్దరం తిరుపతికి పరుగెత్తాం. కొత్తవి మాకు అందేవి కావు. ఒక అంగడాయన పాతవాటిని బాగుచేసి అమ్ముతున్నాడు. వాటిలో ఒకటి తళతళలాడే వార్నిషు, ముందర కొత్తగుడ్డ, కొత్త మరలతో పెళ్లికూతురిలా ఉంది. మా ఆయన మురిసిపోయాడు. "మనదాని కంటే దీని గొంతు బాగుండాది" అన్నాడు. దీపావళికి నాకు రావాల్సిన పట్టుచీర ఆ రేడియోలోకి వెళ్లిపోయింది.

అత్త ఊరినుంచి రాగానే స్విచ్చి వేశాం. గొణిగింది. గొంతు సవరించుకుంది. వేడెక్కింది. ఇల్లంతా పాకం వాసన.

అత్త ముక్కు ఎగబీల్చి, రేడియో వెనక్కి పోయి, సందులోకి తొంగి చూసింది. పుల్లతో లోపలి మూలనుంచి ఒక బొరుగు లాగింది. నల్లబడిన బెల్లం దాన్ని ఇంకా వదల్లేదు. బొరుగును చూసింది, నన్ను చూసింది, వంటింట్లో మెరిసే బేసినును చూసింది. ఇంక చెప్పేదేముంది, కథంతా కక్కేశాను.

తిడుతుందనుకుంటే కూలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వింది. తర్వాత రేడియో మీద చెయ్యేసి, "ఆ అంగడాయన పుణ్యాన బతికింది గానీ, లేకుంటే యాడుండేది? ఏటిగట్టున చెత్తకుప్పలో. మట్టిలో కలిసేదా, మాట్లాడేదా" అనింది. నా వైపు తిరిగి, "వచ్చే పూజకు పలారం దాని ముందర పెట్టు పాపా. లోపల పెట్టద్దు" అనింది.

ఆ రేడియో ఆ తర్వాత ఎన్నిసార్లు మూగబోయినా మరమ్మతుకే పోయింది, మళ్లీ ఇంటికే వచ్చింది. నేనూ ఆనాడే స్టీలు బేసిను మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: మూత ఊడదీయకుండా దేన్నీ చచ్చిందనను, ఎంత చక్కగా మాట్లాడినా కరెంటుతో బతికేదానికి ఈ జన్మలో తిండి పెట్టను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పలికేవన్నీ పదికాలాలు పలకాలి. మీ పిల్లాపాపల కడుపులు నిండుగా ఉండాలి, మీ రేడియో కడుపు మాత్రం ఖాళీగా ఉండాలి.