స్టేషన్‌లో నా చేత చదివించిన పేజీ

ఇది ముందే రాసి ఉండాల్సింది. నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటింది. రాత్రి బడిలో నా కూతురి వయసు పిల్ల చెప్తుంటే పలక మీద దిద్దుకున్నాను. వచ్చాక కూడా రాయలేకపోయాను. ఎందుకంటే నేను రాయాల్సిన సంగతి, నాకు చదువు రాదన్న సంగతే. మా ఆయన ఉన్నంతకాలం ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

మొన్న పేపర్లో ఒక వార్త కూడబలుక్కుంటూ చదివాను. ఎనభైల్లో జపాన్‌లో ఎవరో మిఠాయి కంపెనీలను బెదిరించారట. డబ్బివ్వకపోతే మిఠాయిల్లో విషం పెడతామన్నారట, పోలీసులను వెక్కిరిస్తూ ఉత్తరాలు రాశారట. ఆ మనుషులు ఇప్పటికీ దొరకలేదట. దాదాపు అదే కాలంలో మా ఊళ్లోనూ అలాంటిదే జరిగింది. ఊరి పేరు రాయను. ఆదిలాబాద్ జిల్లాలో పత్తి మిల్లులున్న చిన్న ఊరు. కాగజ్‌నగర్ పోయే రైలు మా దగ్గర ఆగేది.

నేను ఒక బేకరీలో బన్నులు ప్యాక్ చేసేదాన్ని. ఒకరోజు బేకరీ సేఠుకు ఉత్తరం వచ్చింది. డబ్బు సంచి బస్టాండు హోటల్లో బెంచీ కింద పెట్టాలి, లేకపోతే బన్నుల్లో విషం కలుపుతాం అని. సేఠు పోలీసులకు చెప్పాడు. పోలీసులు లుంగీలు కట్టుకుని హోటల్లో కూర్చున్నారు గానీ కాళ్లకున్న బూట్లు విప్పలేదు. ఊరంతా చూసింది. సంచి కోసం ఎవరూ రాలేదు. రెండో ఉత్తరం మాత్రం వచ్చింది. "బూట్ల మీదికి లుంగీ మంచిగ లేదు సారూ, ఈసారి చెప్పులేసుకొని రాండ్రి" అని రాసి ఉందట.

ఇక ఊరు పడీ పడీ నవ్వింది. బన్ను కొనేవాళ్లు లేరు గానీ, బేకరీ ముందు నిలబడి మాట్లాడేవాళ్లకు కొదవలేదు.

"గా ఉత్తరాలు పోలీసోల్లే రాసుకుంటున్రేమో, సేఠు తాన మామూలు పెంచుకోనికి."

"ఏమో. దొంగ దొర్కకుంటే దొర్కినోడే దొంగయితడు. మన జాగ్రత్తల మనం ఉండాలె."

రాసింది ఎవరో తెలిసినవాడు కూడా స్టేషన్ గడప తొక్కి ఉండడు. అంత భయం, అంత అపనమ్మకం. నవ్వులపాలైన ఎస్సై మాత్రం ఊరుకుంటాడా? బేకరీలో పనిచేసేవాళ్లందరి రాత చూడాలని పిలిపించాడు. నాతో పనిచేసే ఆడవాళ్లు మాకు రాదని చెప్పి బయటపడ్డారు. నా వంతు వచ్చేసరికి వాళ్లే అన్నారు: "అక్కకొస్తది సారూ. చర్చిల సదువుతది."

నిజమే, ఊరందరికీ నేను చదువుకున్నదాన్ని. మా బాపు మిషన్ సంఘంలో ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. రోజూ సాయంత్రం బైబిలు గట్టిగా చదివేవాడు. తమ్ముళ్లను ఎత్తుకుని పక్కన కూర్చున్న నాకు అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చేశాయి. బడికి మాత్రం పంపలేదు. పెళ్లిచూపుల్లో, పిల్లకు చదువొచ్చా అని మా అత్త అడిగింది. నేను గ్రంథం తెరిచి, పేజీ మీద వేలు జరుపుతూ ఒక కీర్తన అప్పజెప్పాను. బాపు తల వంచుకున్నాడు. మా ఆయనకు అక్షరం ముక్క రాదు. చదువుకున్న భార్య దొరికిందని మిల్లంతా చెప్పుకున్నాడు.

తర్వాత ఆడవాళ్ల ప్రార్థన కూడికలో చదవడం నాకే అప్పగించారు. వచ్చే వారం ఏ అధ్యాయమో ముందే చెప్పేవారు. "నీ చదువు ఎంతవరకొచ్చిందో చూస్త, గట్టిగ చదువు" అని బిడ్డ చేత దాన్నే మళ్లీ మళ్లీ చదివించి కంఠతా పట్టేదాన్ని. బిడ్డకు చదువు చెప్తున్నానని మా ఆయన మురిసిపోయేవాడు.

అందుకే ఎస్సై కలం ఇస్తే, నాకు రాదని చెప్పలేదు. రొట్టె పెనం తగిలి వేళ్లు కాలాయని చెప్పాను. కాలలేదు. ఎస్సై నా చేతిని తిప్పి చూసి, పొమ్మన్నాడు. నేను నా రాత దాస్తున్నానని అనుకున్నారేమో, ఇల్లు చేరేలోపే మిల్లు దగ్గర మా ఆయనను జీపెక్కించారు.

మర్నాడు పొద్దెక్కాక నన్ను స్టేషన్‌కు పిలిచారు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు చాపుకునే ఉన్నాడు, మడవలేక. అరికాళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లుంగీ కిందికి లాక్కున్నాడు. మా చర్చి పెద్దను కూడా పిలిపించారు. ఆయన చంకలో గ్రంథం ఉంది.

"నాకు సదువు రాదు సారూ, ఆయనను ఇడ్సిపెట్టుండ్రి" అన్నాను.

ఎస్సై మా ఆయన వైపు తిరిగాడు. "ఏమిరా, నీ పెండ్లానికి సదువొస్తదా, రాదా?"

రాదు అంటే అయిపోయేది. అది ఆయనకూ తెలుసు.

"వస్తది సారు. మా ఇంట్ల సదువుకున్నది ఆమెనే. భయానికి గట్లంటున్నది. గని గసొంటి రాతలు రాసే మనిషి కాదు."

"ఏం పెద్దాయనా, నువ్వేమంటవ్?"

"ప్రతి వారం సదువుతది సార్. మేము సూత్తనే ఉంటం."

ఎస్సై గ్రంథం తీసుకుని మధ్యలో ఎక్కడో తెరిచి నా చేతిలో పెట్టాడు. వేలు పెట్టి చూపించాడు. పేజీ నిండా నల్లటి చీమలు. నా పక్కన నిలబడి చర్చి పెద్ద కూడా చూస్తున్నాడు. రాదని చెప్పేశాను కదా, ఊరుకుంటే సరిపోయేది. మా ఆయన అన్నాడు: "సదువు. భయపడకు. నేనున్న."

ఆ మాటకు ఏమైందో, నోరు దానంతటదే తెరుచుకుంది. నాకు వచ్చిన కీర్తన ఎత్తుకున్నాను. ఒక్క మాట తడబడలేదు. చర్చి పెద్ద వేలు పేజీ మీద కొంచెం దూరం నడిచి ఆగింది. ఆయన నా మొహం చూడలేదు.

"ఈ పేజీల గది లేదు సార్," అన్నాడు మెల్లగా.

ఎస్సై బల్ల చరిచి నవ్వాడు. కానిస్టేబుళ్లు నవ్వారు. "నీ పెండ్లాం మమ్ముల కాదురా, నిన్నే మోసం జేసింది. పో, తీస్కపో." నేను నేల చూస్తూ నిలబడ్డాను. మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

ఉత్తరాలు రాసినవాళ్లు దొరకలేదు. బేకరీ మూతపడింది. పోలీసులే అని కొందరు, సేఠు తమ్ముడని కొందరు ఇప్పటికీ అంటారు. మా ఇంట్లో మాత్రం దొంగ ఆ రోజే దొరికింది.

దారిలో ఆయన నాకంటే ముందు కుంటుతూ నడిచాడు. గుమ్మం ముందు ఆగి ఒకే మాట అడిగాడు.

"బిడ్డకు ఎర్కనా?"

"ఎర్కలే."

లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున ఆయన లేవలేకపోయాడు. చెప్పకుండా మానితే పనిలోంచి తీసేస్తారు. నేను మిల్లు గేటు దగ్గరికి పోయాను. ఆయనకు జ్వరమని లెక్కలు రాసే మున్షీకి చెప్పాను. పోలీసుల దెబ్బలని చెప్పలేకపోయాను. మున్షీ సెలవు చీటీ రాసి కలం నావైపు జరిపాడు.

"దస్కత్ వెట్టమ్మా. సదువుకున్నదానివట గద, నీ మొగడు దినాం జెప్తడు."

వెనక పత్తి బోరాలు దించుతున్నవాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు రాదని చెప్పాను. ఆయన వినబడనట్టు చూస్తే మళ్లీ గట్టిగా చెప్పి, సిరా డబ్బా నేనే దగ్గరికి లాక్కుని బొటనవేలు ముంచాను.