మెషీన్‌లో మొలకలు

పెళ్లై పెంటపాడు దగ్గర అత్తవారింటికి వచ్చిన కొత్తలో జరిగిందిది. ఏలూరులో పెరిగినదాన్ని కదా, "మీరు కూర్చోండి అత్తయ్యా, ఉతుకుడు సంగతి నేను చూసుకుంటాను" అని గొప్పలు పోయి, బట్టలన్నీ చూడకుండా వాషింగ్ మెషీన్‌లో కుక్కేశాను.

మధ్యలో అది గుర్రుమని ఆగిపోయింది. నీళ్లు బయటికి పోవడం లేదు. కంగారుగా లోపల చెయ్యి పెట్టబోతుంటే "ముందు ప్లగ్గు తియ్యమ్మా!" అని అత్తయ్య కేకేశారు. ప్లగ్గు తీసి, బట్టలు చేత్తోనే జాడించి ఆరేశాం. మెకానిక్ తాడేపల్లిగూడెం నుంచి మూడో రోజుకి గానీ రాలేదు.

ఈలోగా మావయ్యగారు ఇల్లంతా వెతుకుతున్నారు. కొత్త రకం వడ్లు మొలకెత్తుతాయో లేదో చూద్దామని గుప్పెడు తెచ్చి, కండువా చివర ముడేసుకున్నారట. ఆ కండువా ఉతికింది నేనే! భయంతో నేనూ ఆయనతో పాటు వెతుకుతున్నట్టు నటించాను.

మెకానిక్ నీళ్లు పోయే గొట్టం విప్పి పకపకా నవ్వాడు. "ఏవండీ, మెషీన్‌లో నారు పోశారేంటండీ?"

గొట్టం నిండా తెల్లటి మొలకలు. జరిగింది చెప్పేశాను. మావయ్యగారు వాటిని అరచేతిలో పోసుకుని మురిసిపోయారు.

"సబ్బు నీళ్లలో కూడా మొలిచాయంటే గట్టి విత్తనమేనమ్మా! ఈ ఏడు ఇదే వేసేద్దాం."

ఇప్పుడు ప్రతి ముడీ, ప్రతి జేబూ చూశాకే బట్టలు వేస్తున్నాను. మావయ్యగారు మాత్రం విత్తనాల బస్తా దిగగానే పిలుస్తారు.

"అమ్మాయీ, ఓ గుప్పెడు మెషీన్‌లో వేసి చూడమ్మా!"