రొబియా వేసిన ఆరు పూతలు

ఫైబర్‌బోర్డును రంపం కోసిన చోట దాహం పుడుతుందని రొబియా అనేది. పలక పైభాగం నున్నగా ఉంటుంది, రంగు వేస్తే నిలుస్తుంది. కోసిన అంచు మాత్రం పీచుపీచుగా తెరుచుకుని, వేసిన రంగంతా తాగేసి, ఉబ్బి గరుకు తేలుతుంది. అందుకే రంగుకు ముందు ఆ అంచు నోరు మూయాలి. మువార్ పట్టణంలో, తౌకే బెంగ్ అనే యజమాని బీరువాల షెడ్డులో ఇరవై మూడేళ్లుగా రొబియా పని అదే. నీళ్లు కలిపిన తెల్లజిగురు ఒక పూత, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ పూత, మళ్లీ కాగితం, ఆపైన పలచగా లప్పం. చివరికి కళ్లు మూసుకుని బొటనవేలితో అంచును నిమిరి చూసేది. వేలికి ఎక్కడా ఏమీ తగలకపోతేనే రంగు గదికి పంపేది.

"రొబియా చేతిలో పడ్డ బల్ల పెళ్లికూతురే. ముస్తాబు తెమిలేదాకా బయటికి రాదు" అని తౌకే విసుక్కునేవాడు. కానీ అంచు ఉబ్బిందని ఒక్క బీరువా తిరిగొచ్చింది లేదు.

ఆమెకు ఒక్కతే చెల్లెలు, మెలాతి. తల్లి పోయేనాటికి మెలాతికి నాలుగేళ్లు, రొబియాకు పదిహేడు. చంకనేసుకుని పెంచింది. పెళ్లి చేసి నది అవతలి గట్టుకు పంపింది. తన పెళ్లి మాట మాత్రం ఎత్తలేదు. మెలాతికి నలభై నిండిన ఏడు రొమ్ములో గడ్డ తేలింది. మందుల వేడికి జుట్టంతా రాలిపోయింది.

వానల ముందు మెలాతి నవ్వుతూ చెప్పింది: "మందులు ఆపేశారక్కా. ఇంక అక్కర్లేదట." రెండు నెలలకు తలమీద వేలెడు జుట్టు మొలిచింది. రొబియా గండం గడిచిందనుకుంది. ప్రతి శుక్రవారం చూడవచ్చే అక్క ఆ వారం తెచ్చిన ఒతాక్-ఒతాక్ ఆకు పొట్లం విప్పి, కాల్చిన చేపముద్దను తినకుండా చిదుముతూ మెలాతి అడిగింది.

"అక్కా, నాకో అద్దం బల్ల చేసిపెట్టవూ? ఊరందరికీ చేశావు. నేనేమో ఇప్పటికీ మేకుకు వేలాడే అద్దంలో సగం మొహమే చూసుకుంటున్నా."

"రంగు?"

"లేత పచ్చ. కొంచెం తొందరగా, ఏం?"

తౌకే మిగులు పలకలు ఊరికే ఇచ్చాడు. రోజూ పని దిగాక గంటసేపు కూర్చుని, వారం తిరిగేసరికి రొబియా బల్ల నిలబెట్టింది. అంచుల దగ్గర ఆగిపోయింది. డిసెంబరు వానలు. జిగురు ఒక పట్టాన ఆరడం లేదు. మామూలుగా నాలుగు పూతలు చాలు, చెల్లెలి బల్ల అని ఆరు వేయాలనుకుంది.

ఆదివారం మెలాతి ఫోన్ చేసింది. "నా బల్ల ఏదక్కా?"

"అంచులు ఆరలేదే."

"అంచులెవరు చూస్తారక్కా! అద్దం బిగించి పట్రా. ముస్తాబు నేను చేసుకుంటానంటే ముందు బల్లకు చేస్తున్నావు."

"ఇప్పుడు కంగారుపడితే రెండేళ్లకల్లా ఉబ్బుతుంది. నువ్వు ముసలిదానివయ్యేదాకా ఉండాలా వద్దా?"

"సరేలే. నీ ఇష్టం" అంది మెలాతి.

"శుక్రవారం తెస్తా."

బుధవారం మధ్యాహ్నం ఆరో పూతను కాగితంతో రుద్దుతుండగా మరిది జమ్లుస్ ఫోన్ వచ్చింది. రొబియా వానలో వంతెన దాటి వెళ్లేసరికి మెలాతి మీద పూలగుడ్డ కప్పేశారు. కడసారి స్నానం ఆడవాళ్లతో కలిసి తనే చేయించింది. ఆ వేలెడు జుట్టును మెల్లిగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు కడిగింది. పొద్దు వాలకముందే మట్టి చేశారు.

ఏడోరోజు దాటాక జమ్లుస్ షెడ్డుకు వచ్చాడు. రంగు పడకుండా మూల నిలబడిన బల్ల పక్కనే కూర్చున్నాడు.

"డాక్టర్లు మందులు ఆపింది తగ్గి కాదక్కా. ఇక లాభం లేదని. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. 'చెబితే అక్క పని మానేసి నా మంచం పట్టుకుని ఏడుస్తుంది. దానికంటే బల్ల చేసుకోనీ' అంది."

రొబియా బల్ల అంచును బొటనవేలితో నిమురుతూ అడిగింది. "చివర్లో... బల్ల అడిగిందా?"

జమ్లుస్ తల వంచుకున్నాడు. అబద్ధమాడటం అతనికి చేతకాదు. "అడిగింది. మంగళవారం. వచ్చిందా అని."

రొబియా లేచి పచ్చరంగు డబ్బా మూత తీసింది. ఏడుస్తూనే రంగు వేసింది. అంచులు ఒక్క చుక్క తాగలేదు, అద్దంలా నిలిచింది రంగు. అది చూసి ఆమె కూలబడిపోయింది. తౌకే వచ్చి ఫ్యాను ఇటు తిప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూడా పనికి వెళ్లింది. రెండు పూతలకే ఆపేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. చెయ్యి వినలేదు. ఆ చేతిమీద ఆమెకు కోపం పోలేదు.

అద్దం బిగించిన ఆ బల్ల ఇప్పుడు మెలాతి గదిలో కిటికీ పక్కన ఉంది. జమ్లుస్ దానిమీద ఏమీ పెట్టనివ్వడు. శుక్రవారాలు రొబియా వెళ్లి దుమ్ము తుడిచి వస్తుంది. అద్దం తుడిచేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకుంటుంది.