నజ్మా రాసిన లైన్లు ఎటు పోయాయి

2024 వేసవి మొదట్లో మాట. నేను నరసరావుపేటలో మా ఇంట్లోనే కూర్చుని ఒక చిన్న కంపెనీకి కంపైలర్ పని చేస్తాను. మనిషి రాసిన ప్రోగ్రామును చిప్‌కి అర్థమయ్యే మెషీన్ కోడ్‌గా మార్చేదే కంపైలర్. చిన్నప్పుడు కాలి జబ్బు వల్ల నేను బడికి పోలేదు. అమ్మ వంట చేస్తూనే లెక్కలు నేర్పింది, మిగతాది మామయ్య ఇచ్చిన పాత కంప్యూటర్ నేర్పింది. ఈ పని దొరకడం దేవుడి దయ అనుకుంటాను, ఇప్పటికీ.

ఒక ఉదయం మా టీమ్ లీడ్ ఫోన్ చేసి, మీ ఊళ్లోనే ఒక కస్టమర్ చాలా కోపంగా ఉన్నారు, వెళ్లి చూడగలరా అన్నాడు. ఆయన కోటేశ్వరరావు గారు. బోరు మోటార్లకు బిగించే స్టార్టర్ బాక్సులు తయారుచేస్తారు. వాటిలోని ప్రోగ్రామును మా కంపైలర్‌తోనే మారుస్తారు. బోరులో నీళ్లు అయిపోతే మోటారును బాక్సే ఆపాలి. బెల్లంకొండ దగ్గర ఒక మిరప చేలో బాక్సు ఆపలేదు. మోటారు ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోయింది. చేను కాపు మీద ఉంది.

వర్క్‌షాపుకి వెళ్లేసరికి బాక్సులోని ప్రోగ్రాము రాసిన నజ్మా ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ కష్టపడి చదువుకుని సంపాదించుకున్న ఉద్యోగం అది. ఆమెను నెలాఖరు దాకా వచ్చి ఆపై మానెయ్యమన్నారని పక్కన వైండింగ్ చేస్తున్న ఆవిడ నా చెవిలో చెప్పింది.

"మీ కంపైలరు తప్పు చేసిద్దా ఏందమ్మా? ఈ అమ్మాయే ఏదో మర్చిపోయుండిద్ది" అన్నారు కోటేశ్వరరావు గారు. "ఆ రైతుకి నా మొహం ఎట్టా చూపించేది?"

నజ్మా లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "అక్కా, నీళ్లు లేకపోతే ఆపమని నా చేత్తో రాశా. ఇదిగో, ఇక్కడే ఉంది. రాసింది ఎటు పోయింది?"

నిజంగానే ఉంది. పొందికగా రాసింది కూడా. కానీ మా కంపైలర్ ఇచ్చిన మెషీన్ కోడ్‌లో వెతికితే ఆ భాగం లేదు. కోడ్‌ను చిన్నది చేసే ఆప్టిమైజేషన్‌ను ఆపి చూస్తే తిరిగి వచ్చింది. పెడితే మాయమైంది. లోపం మా కంపైలర్‌లోనే ఉందని అప్పుడే తెలిసింది. ఎక్కడ ఉందో తెలియకుండా పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు. ఇంటికి వచ్చి, ఎప్పటిలా ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థించుకుని, వెతకడం మొదలుపెట్టాను.

కంపైలర్ లోపల ప్రోగ్రాము ఊరిలాగా ఉంటుంది. బ్లాకులనే ఇళ్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి దారులు. దీన్ని గ్రాఫ్ అంటాం. అందులో ఒక్కో బ్లాకూ చూసుకుంటూ నడిచేది ఇటరేటర్. ఏ గ్రాఫ్ ఇచ్చినా, ఏ బ్లాకు పక్కన ఏవేవి ఉన్నాయో చెప్తే చాలు, అది నడిచేస్తుంది. అంత చక్కగా రాసిపెట్టిన పెద్దలంటే నాకు గౌరవం. వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లకుండా, అడుగుపెట్టిన ప్రతి బ్లాకునూ విజిటెడ్ సెట్ అనే జాబితాలో గుర్తు పెట్టుకుంటుంది. చివరికి గుర్తు లేని బ్లాకులను, ఇటు ఎవరూ రారు కదా అని కంపైలర్ తుడిచేస్తుంది.

మా కోడ్‌లో ఒకదాని వెనక ఒకటి రెండు నడకలు ఉన్నాయి. మొదటిది తనకు కావలసిన బ్లాకు దొరకగానే మధ్యలో ఆగిపోయేది. రెండోది ఆ ఆగిన చోటి నుంచి, అవే గుర్తులతో కొనసాగేది. టైము కలిసొస్తుందని ఎవరో అలా కలిపారు. ఆ కావలసిన బ్లాకు చాలా ప్రోగ్రాముల్లో చిట్టచివరే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. నజ్మా ప్రోగ్రాములో ముందే వచ్చింది, వెనక మిగిలిపోయిన దారుల్లోకి రెండు నడకలూ పోలేదు.

మర్నాడు కోటేశ్వరరావు గారికి ఇదంతా ఎలా చెప్పాలా అనుకుంటుంటే, ఆయన గేటు పక్క గోడ మీద పోలియో వాళ్ల సుద్ద గుర్తు కనబడింది. ఒకావిడ గడప తొక్కగానే గోడ మీద గుర్తేసి, చుట్టూ ఉన్న సందుల్లోకి పోకముందే వేరే పని మీద వెళ్లిపోయిందనుకోండి అన్నాను. రెండో ఆవిడ అక్కడి నుంచి ముందుకే పోతుంది. గుర్తున్న ఇళ్లు చూసి, ఇవి అయిపోయాయిలే అని వెనక్కి రాదు. ఆ వెనక సందుల సంగతి ఏమిటి?

ఆయన గోడ వంక చూశారు. "అంటే గోడ మీద గీత పడింది గానీ, సందులో పిల్లకి చుక్కలు పడలా."

"అంతేనండి. ఆ సందులో ఉన్నవి నజ్మా లైన్లు."

ఆయన కాగితం మీద చూపించమన్నారు, రైతుకి చెప్పాలి కదా అని.

సవరణ చిన్నదే. ఒక్కో నడకకు విడిగా సెట్ ఇచ్చి, రెండోదాన్ని మొదటి నుంచి నడిపించాను. కస్టమర్లందరికీ పంపే మెయిల్ దగ్గరే చిక్కు వచ్చింది. అరుదైన సందర్భాల్లో కొంత కోడ్ తొలగిపోవచ్చు అని మా టీమ్ లీడ్ రాశాడు. నేను ఫోన్ చేసి, ప్రోగ్రాము రాసినవారి తప్పు ఏమీ లేదు అన్న ముక్క కూడా కావాలన్నాను. అంత విడమరచి ఎందుకు అన్నాడు. నజ్మా సంగతి చెప్పాను.

"రాయండి మేడమ్. కింద నా పేరే పెట్టండి. ఆ రెండు నడకలూ కలిపింది నేనే" అన్నాడు. అలాంటివాడి కింద పనిచేస్తున్నందుకు ఆ పూట దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ మెయిల్ కోటేశ్వరరావు గారు నజ్మా చేతే పైకి చదివించారు. తప్పు ఏమీ లేదన్న ముక్కను ఆమె కళ్లనీళ్లతోనే రెండోసారి చదివింది. ఆయన ఆమె బదులు కొత్తగా రమ్మన్న కుర్రాడికి అక్కడికక్కడే ఫోన్ చేసి, రావద్దులే అబ్బాయ్, మా అమ్మాయి ఉందిగా అన్నారు. తర్వాత, సరిచేసిన బాక్సు రేపు బెల్లంకొండలో బిగించాలి, నువ్వూ రా అని నజ్మాకు చెప్పారు.

"నెలాఖరు దాకేనన్నారుగా సార్?" అంది, కళ్లు తుడుచుకుంటూనే.

"ఏ నెలాఖరో చెప్పానా?" అన్నారాయన.

ఇప్పుడు ఏ ఫిర్యాదు వచ్చినా, అక్కడ నింద ఎవరి మీద పడి ఉందో ముందు కనుక్కుంటాను. లోపం ఏ బ్లాకులో ఉందో ఆ తర్వాత చూస్తాను.