మావయ్య ముగియనివ్వని వానాకాలం

మా మావయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. వానాకాలం ముగిసిందంటే ఒప్పుకునేవాడు కాదు.

మొదలైందంటే వెంటనే ఒప్పుకునేవాడు. పేచీ అంతా ముగింపు దగ్గరే. వాతావరణ కార్యాలయంలో ఆయన నమోదు గుమాస్తా, నేను ఆయన కింద టైపిస్టును. మా ఊళ్లో వానాకాలం ముగిసిందని ఆయన సంతకం పెడితే తప్ప పై ఆఫీసు పటంలో వానాకాలం హద్దు గీత మా ఊరు దాటదు.

ఆ ఏడు చివరి చినుకు పడి మూడు వారాలైంది. మావయ్య మాత్రం గొడుగు వేసుకునే ఆఫీసుకు వస్తున్నాడు.

"ఎండకా గొడుగు?" అని పోస్ట్‌మాన్ అడిగాడు.

"వానకు."

"వానేదండీ?"

"కాలం ఉందిగా. వాన దాని ఇష్టం."

ఇంట్లో అత్తయ్య పాట్లు ఇంకా ఘోరం. ఆవిడ డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే, ఈయన వెనకే వెళ్లి తీసుకొచ్చేసేవాడు.

"మాడు పేలిపోతుంటే ఇంకేం వానాకాలమండీ?"

"ఐదు రోజులు వాన లేకపోతే చాలదే. గాలి తిరగాలి, తేమ తగ్గాలి. గాలి తిరిగింది. తేమ తగ్గలేదు."

"నా ఓపిక తగ్గింది."

చుట్టుపక్కల ఊళ్లన్నీ ముగిసిందని రాసేశాయి. పటంలో గీత సాఫీగా వచ్చి, బురదగుంట చూసిన మనిషిలా మా ఊరి దగ్గర పక్కకు తప్పుకుంది. ఆ వంకర చూడలేక పై అధికారి స్వయంగా జీపు దిగాడు.

"ఈ గీత చూసి అందరూ నవ్వుతున్నారయ్యా. సంతకం పెట్టు."

"చెరువు పక్క ఊరు సార్. తేమ మన మాట వినదు."

"పెట్టకపోతే బదిలీ చేస్తాను."

"ఆ కాగితం తెప్పించండి సార్. దాని మీద పెడతాను."

ఇంతలో కుట్టుపని చేసే ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. వరదకు ఇళ్లు కూలిన చెరువుగట్టు వాళ్లు, అవి మళ్లీ కట్టుకునేదాకా పాత గోదాములో తలదాచుకుంటున్నారు. ఈవిడా వాళ్లలో ఒకరు.

"అయ్యా, గోదాము వాళ్లు మళ్లీ వచ్చారు. వానాకాలం ముగిసేదాకానే ఉండమన్నారట. ముగిసింది కదా, సామాను తీసెయ్యమంటున్నారు."

"ముగియలేదని చెప్పమ్మా. ఎవరన్నారంటే నా పేరు చెప్పు."

ఆవిడ వెళ్లిపోయింది. గోదాము ఉత్తర్వులో గడువు తేదీ లేదనీ, మావయ్య సంతకమే ఆ గడువనీ నాకు అప్పుడు తెలిసింది. ఆయన అధికారి వైపు చూడకుండా, తేమ కొలిచే పరికరాన్ని మరీ శ్రద్ధగా తుడుస్తున్నాడు.

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకా వాళ్లవి ఎన్ని ఇళ్లకు కప్పు పడాలి?"

"నాలుగింటికి సార్."

"మరి తేమ ఎప్పటికి తగ్గొచ్చు?"

"గురువారానికి తగ్గే సూచనలున్నాయి సార్."

అధికారి పటం విప్పి, ఆ వంకర గీతనే పెన్సిల్‌తో ఇంకాస్త గట్టిగా దిద్దాడు.

"గోడలు కూడా ఆరాలి కదయ్యా. ఆదివారం దాకా ఉండనీ."